మొదటి నీళ్ళు

నాచు ఆరబెట్టే షెడ్డు, సముద్రం ఒడ్డు
జూన్ 6

కత్తెరమ్మకి మీ వదిన రాసేది.

నీ ఉత్తరం అందింది. మీ అమ్మాయికి మూడో నెల అని చదవగానే పరుగున వెళ్ళి మీ అన్నయ్యకి వినిపించాను. ఆయన పడవ ఇంజను విప్పి ముందేసుకుని కూచున్నారు. కళ్ళు తుడుచుకుని, డీజిలు పొగ అన్నారు. ఆ ఇంజను ఆగి అప్పటికి గంటైంది. అమ్మాయి పెళ్ళైన ఆరేళ్ళకి విన్న మాట కదా, ఆ పొగ నా కళ్ళలోనూ పడింది.

నువ్వు రాసిన భయం నాకు తెలియంది కాదు. నేను కాపురానికి వచ్చేనాటికే అత్తయ్య మెడ మీద నిమ్మకాయంత వాపు ఉండేది. పోయేనాటికి రెండు చేతులతో పట్టుకునేంత అయింది. అది కనబడకుండా గడ్డం దాకా కాలరు పెట్టి ఆవిడకి జాకెట్లు కుట్టి కుట్టే నీకు కుట్టుపని వచ్చింది. మీ కొండల మట్టిలోనూ నీళ్ళలోనూ అయోడిన్ లేకపోవడం వల్లే ఆ వాపులని మా షెడ్డుకి వచ్చే తనిఖీ ఆవిడ చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్ళకి అది మరీ అవసరమట. తల్లికి తక్కువైతే బిడ్డ మెదడు సరిగ్గా ఎదగదట.

అందుకే ఈ పొట్లం. ఇది మేం తీగల మీద బట్టల్లా ఆరేసే వెడల్పాటి పట్టీ నాచు. ఏడాదికి సరిపడా పెట్టాను. పైన తెల్లగా కనిపిస్తే బూజు అనుకుని పారేసేవు, అది దాని ఉప్పే. నల్లగా పుల్లల్లా ఉండే ఇంకో రకం ఉంది. అందులో ఆర్సెనిక్ ఎక్కువని తనిఖీ ఆవిడ మమ్మల్ని తిననివ్వదు. దాన్ని పంపలేదు, కంగారు పడకు. మీ అన్నయ్యకి ఏ నాచూ పెట్టను. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారుగా, కొన్ని నాచులు ఆ మాత్ర పని చెడగొడతాయని ఆయన డాక్టరు అన్నారు. ఒకరికి మందైంది అందరికీ మందు కాదు.

నీకు ఒక చెవి మొరాయించి రెండోది అలిగినప్పటి నుంచి ఫోను మన మధ్య పనికిరాకుండా పోయింది కాబట్టి అన్నీ రాయాల్సి వస్తోంది. అదిగో, బెల్లు కొట్టారు. తొందరగా చెప్తాను. అరచేతిలో సగమంత ముక్క తీసుకుని కడుగు. పావుగంట మరిగించి మొదటి నీళ్ళు వంచి తాగించు. రుచి బాగోలేదని తిడితే నా పేరు చెప్పు. ఆ తిట్లు నేను పడతాను.

మీ వదిన

*

కుట్టుగది, మెట్ల కింద
ఆగస్టు 17

వదినకి,

పొట్లం అందింది. విప్పగానే మెట్ల మీద పోయేవాళ్ళందరూ చేపలు తెచ్చావా అని అడిగారు. మీ సముద్రం వాసన నా గుడ్డలకి పట్టి వారం రోజులు వదల్లేదు. బడి బట్టల కాలం కదా, ఆ వాసనతోనే ముప్ఫై చొక్కాలు ఇచ్చేశాను.

అమ్మాయి రోజూ పొద్దున్నే గ్లాసుడు తాగుతోంది. ఒక ముక్క మరిగించిన నీళ్ళు మూడు నాలుగు రోజులకి వస్తున్నాయి. తాగేది తను, ముక్కు మూసేది నేను. మొదటి వారం కక్కింది. ఇప్పుడు అలవాటు పడింది. అల్లుడు లారీ మీద వెళ్ళి పదిహేను రోజులకోసారి వస్తాడు, వచ్చినప్పుడల్లా ఆ గ్లాసు వాసన చూసి నాకు దండం పెట్టి పక్కకి తప్పుకుంటాడు. నువ్వు నవ్వుతావు గానీ నాకు మాత్రం ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా మిషను మీద చెయ్యి ఆడదు.

అమ్మని చూసిన కళ్ళు నావి. చివరి రోజుల్లో గుక్కెడు నీళ్ళు మింగడానికి ఆవిడ పడ్డ అవస్థ నా కూతురు పడకూడదు. దాని కడుపులో ఉన్నది అసలే పడకూడదు. అప్పుడు మనకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి నువ్వున్నావు. నీ రుణం తీర్చుకోలేను వదినా.

పొట్లంలో మూడో వంతు అయిపోయింది. కాన్పు దాకా రావాలి. వీలైతే ఇంకోటి పంపు.

నీ ఆడపడుచు

*

షెడ్డు
సెప్టెంబర్ 12

కత్తెరమ్మా,

రోజూ అన్న మాట చదివి ఉలిక్కిపడ్డాను. ఏడాదికని పంపిన పొట్లం రెండు నెలల్లో మూడో వంతు అయిందంటే నువ్వు దాన్ని మందులా కాదు, మంచినీళ్ళలా పోస్తున్నావు. తప్పు నాదే. ఎన్నిసార్లు ఇవ్వాలో మొదటి ఉత్తరంలో రాయలేదు.

తనిఖీ ఆవిడని కూచోబెట్టి అడిగాను. ఈ రకం నాచు ఒక్క గ్రాములోనే మనిషికి పది పన్నెండు రోజులకి సరిపడే అయోడిన్ ఉండొచ్చట. అది తక్కువైతే ఎంత చేటో ఎక్కువైనా అంతే చేటట. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి, ముంచెత్తినట్టు వచ్చి పడితే పని ఆపేసి కూచుంటుందట. కడుపులో బిడ్డ గ్రంథి ఇంకా లేతది, దానికి తట్టుకోవడం అసలే రాదట. అతి అయితే అమృతమూ విషమే అని మనం ఊరికే అనుకోలేదు.

మొదటి నీళ్ళు పారబోస్తున్నావు కదా. అయోడిన్ చాలావరకు దిగేది వాటిలోకే. వాటిని పారబోసి, మళ్ళీ మంచినీళ్ళు పోసి ఉడికించి, ఆ రసం తాగించాలి. అదీ వారానికి ఒక్కసారి. మీ ఉప్పు పొట్లం మీద అయోడిన్ కలిపినది అని రాసి ఉంటే ఆ ఉప్పే చాలట, నాచు రసం అసలే వద్దట. ఒకసారి పొట్లం తిప్పి చూడు. డాక్టరుకి చెప్పకుండా ఇంక ఒక్క చుక్క కూడా ఇవ్వకు.

రెండో పొట్లం పంపడం లేదు. కోపం తెచ్చుకోకు. ఇది అందగానే ఒక్క ముక్క రాయి, అందాకా నాకు నిద్ర పట్టదు.

మీ వదిన

*

కుట్టుగది
డిసెంబర్ 20

వదినకి,

మనవరాలు పుట్టింది. తొమ్మిదో తారీఖు పొద్దున. తల్లీ పిల్లా బాగున్నారు. ఆగస్టులో నేను రాసిన తర్వాత నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. పనిలో పడిపోయావనుకున్నాను.

పిల్ల ఎంత బుద్ధిమంతురాలో నువ్వు చూడాలి. ఏడవనే ఏడవదు. ఇంట్లో పసిపిల్ల ఉందా అసలు అని పై అంతస్తు వాళ్ళు అడిగారు. పడుకోబెడితే పడుకున్నట్టే. పాలకి కూడా మేమే లేపాలి. రెండు గుక్కలు తాగి మళ్ళీ నిద్ర. ఎప్పుడైనా గొంతు విప్పితే బొంగురుగా, పెద్దమనిషి దగ్గినట్టు ఉంటుంది, మేమిద్దరం నవ్వుకుంటాం. పుట్టినప్పటి ఒంటి పసుపు రంగు ఇంకా పూర్తిగా పోలేదు. గుడ్డ తడపడమే తప్ప, మూడు రోజులకోసారి గానీ దొడ్డికి పోదు. నాకు ఉతుకుడు కూడా తప్పింది.

మూడో రోజున తీసుకొస్తే మడమలో సూది గుచ్చి రక్తం తీస్తాం అని నర్సు చెప్పింది. బంగారంలాంటి పిల్లకి సూది పోట్లెందుకని నేనే వద్దన్నాను. అమ్మాయికి ఒళ్ళు బాగా అలిసిపోయి ఉంది, పాలు పడతాయని నీ నాచు నీళ్ళు ఇంకా ఇస్తూనే ఉన్నాను. పొట్లంలో ఇంకో నాలుగైదు ముక్కలున్నాయి.

అన్నయ్యకి చెప్పు, తాతయ్య అయ్యాడని.

నీ ఆడపడుచు

*

షెడ్డు ఆఫీసు గది
డిసెంబర్ 24

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. షెడ్డు ఫోను నుంచి మీ వీధి మందుల షాపుకి చేశాను. చెప్తామన్నారు. చెప్పారో లేదో తెలియదు కాబట్టి ఇది కూడా పంపుతున్నాను.

ఈ ఉత్తరం మడవకముందే పిల్లని తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళండి. మడమ రక్తం తీయించండి. థైరాయిడ్ పరీక్ష అని చెప్పండి. తల్లి నాచు నీళ్ళు తాగిందనీ, ఎన్నాళ్ళు తాగిందో, ఎంత తాగిందో ఏదీ దాచకుండా చెప్పండి. నువ్వు రాసిన నిద్ర, పసుపు, బొంగురు గొంతు, అన్నీ తనిఖీ ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ వెంటనే నాకు ఫోను చేతికిచ్చింది.

మిగిలిన ముక్కలు పారెయ్యి. ఆ అయోడిన్ తల్లిపాలలోకి కూడా దిగుతుంది.

సెప్టెంబర్లో అంత వివరంగా రాశాను కదా. ఆ ఉత్తరం ఏమైంది?

వదిన

*

కుట్టుగది
జనవరి 15

వదినగారికి,

పిల్లకి థైరాయిడ్ అసలు పని చెయ్యడం లేదని తేలింది. అమ్మాయికి కూడా మందగించింది. మందుల షాపాయన చెప్పిన సాయంత్రమే వెళ్ళాం, అప్పటికి పిల్లకి పదిహేను రోజులు. ఆ మర్నాటి నుంచి మాత్ర మొదలుపెట్టారు. పొద్దున్నే మాత్ర నూరి, చెంచాడు తల్లిపాలలో కలిపి నోట్లో పోస్తున్నాం.

గర్భంతో ఉన్నప్పుడు ప్రత్యేకంగా ఏమైనా తీసుకున్నారా అని డాక్టరుగారు అడిగారు. అమ్మాయి చెప్పింది. ఎంత అని అడిగారు. గ్లాసుడు అంది. ఎన్ని రోజులకి అన్నారు. రోజూ అంది. ఆవిడ కలం కింద పెట్టేశారు. నాచు చెడ్డది కాదు, కొద్దిగా తింటే మేలే, మీరు ఇచ్చింది ఒక ఊరికి సరిపోయేంత అన్నారు. త్వరగా దొరికింది కాబట్టి మెదడుకి దెబ్బ తగలకపోవచ్చనీ, తగల్లేదని మాత్రం ఇప్పుడే చెప్పలేననీ అన్నారు. మూడేళ్ళు నిండాక మాత్ర ఆపి చూస్తారట. గ్రంథి తనంతట తాను పనిచేస్తే సరే. లేకపోతే జీవితాంతం మాత్రే. మెడ నిలపడం, నవ్వడం, మాట్లాడటం, ఒక్కొక్కటి ఎప్పుడొస్తుందా అని మేం లెక్కపెట్టుకుంటూ ఉండాలి.

మీరు రాసినట్టే చేశాను. మీ జూన్ ఉత్తరం ఇందులో పెట్టి పంపుతున్నాను, మీ కళ్ళతో మీరే చదువుకోండి. మొదటి నీళ్ళు వంచి తాగించు అని రాశారు. అన్నం వార్చిన నీళ్ళలోనే బలమంతా ఉంటుందని తాగి పెరిగినవాళ్ళం మేము. వంచాను, తాగించాను. రెండో ఉత్తరం నాకు అందలేదు.

అమ్మాయి మీతో మాట్లాడే స్థితిలో లేదు.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

ఇంటి నుంచి
ఫిబ్రవరి 9

కత్తెరమ్మా,

ఇరవై ఏడేళ్ళలో నువ్వు నన్ను మీరు అనడం ఇదే మొదటిసారి. ఉత్తరం మీద వేరెవరి పేరైనా ఉందేమోనని తిప్పి చూసుకున్నాను.

నువ్వు పంపిన కాగితం చదివాను. నా చేతిరాతే. వంచి తాగించు అనే ఉంది. వంచేసి అని నా మనసులో ఉంది, కాగితం మీద లేదు. ఒక్క అక్షరం. ఇక్కడ షెడ్డులో మొదటి నీళ్ళు అంటే కాలవలో పోసేవే. వాటిని తాగేవాళ్ళు ఉంటారని మాలో ఎవరికీ తోచదు. తోచకపోవడమే నా నేరం. నేను రాసేది షెడ్డులో మనిషికి కాదు, అన్నం నీళ్ళు తాగి పెరిగిన నీకు. ఆ నీళ్ళు నేనూ మీ ఇంట్లో తాగాను. నాకు గుర్తుండాల్సింది.

తనిఖీ ఆవిడకి ఆ కాగితం చూపించాను. ఇప్పుడు షెడ్డు నుంచి బయటికి వెళ్ళే ప్రతి పొట్లం మీదా, మొదటి నీళ్ళు పారబోయండి, గర్భిణులూ థైరాయిడ్ ఉన్నవాళ్ళూ డాక్టరుని అడగకుండా తినకండి అని అచ్చు వేయిస్తున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. పట్టుకున్నాం, అంతే.

నేను షెడ్డుకి వెళ్ళడం మానేశాను. మీ అన్నయ్య నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును. అన్నం పెడితే తింటున్నారు, తిని పడవ దగ్గరికి పోతున్నారు. పాప పుట్టిందని తెలిసిన రోజున ఒక చిన్న కర్ర పడవ చెక్కడం మొదలుపెట్టారు. అది సగంలోనే కిటికీలో పడి ఉంది.

సెప్టెంబర్ ఉత్తరం కోసం పోస్టాఫీసుకి నాలుగుసార్లు వెళ్ళాను. రిజిస్టరు చెయ్యని ఉత్తరానికి ఆరా ఉండదన్నారు. అది అందివుంటే మూడు నెలల ముందే ఆగి ఉండేది. ఎవరి సంచిలోంచి ఎక్కడ జారిపోయిందో అనుకుంటూ రోడ్డు వెంబడి కాగితం కనిపిస్తే వంగి చూస్తున్నాను. పిచ్చి అనుకో.

అమ్మాయికి విడిగా రాశాను. క్షమించమని అడగలేదు. జరిగినదానికి నేనే కారణమని, మీ అమ్మ తప్పు ఇందులో ఏమీ లేదని రాశాను. పాప సంగతి మాత్రం అప్పుడప్పుడు రాస్తూ ఉండు. మీరు అనే రాయి, ఫరవాలేదు.

వదిన

*

కుట్టుగది
మార్చి 3

వదినా,

కూచుని చదువు ఇది, అన్నయ్యకి కూడా వినిపించు.

సెప్టెంబర్ ఉత్తరం ఎక్కడా జారిపోలేదు. నాకు అందింది. పద్దెనిమిదో తారీఖు మధ్యాహ్నం, పోస్టుమాన్ నా మిషను మీదే పెట్టి వెళ్ళాడు. రెండుసార్లు చదివాను. అప్పుడే తెలిసింది, నేను పారబోయాల్సినదాన్ని మూడు నెలలుగా నా కూతురి చేత తాగించానని.

నాలుగు రోజులు ఆపాను. ఐదో రోజు అమ్మాయి చేతులెత్తి జుట్టు ముడి వేసుకుంటుంటే మెడ చూశాను. లావుగా కనిపించింది. కొత్త జాకెట్టుకని అబద్ధం చెప్పి టేపు పెట్టి కొలిచాను. జూన్‌లో పదమూడు అంగుళాలు ఉన్నది పద్నాలుగైంది. నాకు అమ్మ కళ్ళ ముందు నిలబడింది. సముద్రం ఒడ్డున కూచున్నదానికి మా మెడల సంగతి ఏం తెలుసు అని నిన్ను తిట్టుకున్నాను. మర్నాడు మళ్ళీ గ్లాసు నింపాను, మొదటి నీళ్ళతోనే. అయోడిన్ తక్కువైనా మెడ వాస్తుంది, ఎక్కువైనా వాస్తుంది అని మొన్న డాక్టరుగారు చెప్పారు. నా టేపు లావెంతో చెప్పింది, ఎందుకో చెప్పలేదు. నేను ఇచ్చినదాని వల్లే లావెక్కిన మెడని చూసి, ఇంకా ఇచ్చాను.

నువ్వు రాయమన్న ఒక్క ముక్క అందుకే రాయలేదు. ఉత్తరం గుండీల డబ్బా అడుగున పెట్టాను. పాప పుట్టినప్పుడు నీ ఉత్తరం రాలేదని రాసింది కావాలనే. తర్వాత ఆసుపత్రిలో డాక్టరు కలం కింద పెట్టినప్పుడు అమ్మాయి తల తిప్పి నావైపు చూసింది. ఆ చూపు భరించలేకపోయాను. మీ అత్తయ్య రాసినట్టే చేశానే అన్నాను. ఆ చూపు నీ మీదికి పోయింది. నాకు ఊపిరి ఆడింది. నిజం చెప్తున్నాను వదినా, ఆ క్షణాన నాకు హాయిగా అనిపించింది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. నువ్వు రోడ్డు మీద కాగితాలు వంగి చూస్తున్నానని రాశావు. ఆ వాక్యం చదివిన రోజు నుంచి నేను ఒక్క గుడ్డ కత్తిరించలేదు. ఒక్క అక్షరం నీ తప్పు. మిగిలిన మూడు నెలలూ నావి. సూదికి భయపడి పరీక్ష వాయిదా వేసిన రోజులూ నావే. నువ్వు ఫోను చెయ్యకపోతే ఇంకా ఎన్నాళ్ళు పోయేవో.

పాప మెడ నిలపడం మొదలుపెట్టింది. వయసుకి రెండు వారాలు వెనకబడిందేమో అన్నారు, కాకపోవచ్చనీ అన్నారు. మూడేళ్ళదాకా ఎవరూ ఏదీ తేల్చరు. ఆ మూడేళ్ళూ నీ మీద వేసి నేను బతకలేను.

అమ్మాయికి నోటితో చెప్పాలని మూడుసార్లు ఎదురుగా కూచున్నాను. మూడుసార్లూ పాలు పొంగాయనో, ఎవరో పిలిచారనో లేచిపోయాను. అందుకని ఈ కవరు అంటించడం లేదు. నీ సెప్టెంబర్ ఉత్తరం కూడా ఇందులోనే పెట్టి అమ్మాయి చేతికిస్తున్నాను. చదివి పోస్టు చెయ్యి అని చెప్తాను. ఇది నీకు చేరితే అమ్మాయి చదివినట్టే.

నీ ఆడపడుచు

*

(అదే కాగితం కింద, వేరే చేతిరాత)

అత్తయ్యా,

చదివాను. నాలుగు రోజులు నా దగ్గరే పెట్టుకున్నాను. పోస్టు చేశావా అని అమ్మ అడగలేదు.

పొద్దున్నే పాపకి మాత్ర నూరి పోసే పని ఇన్నాళ్ళూ అమ్మదే. మొన్నటి నుంచి నేనే చేస్తున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. లోపలికి రాదు. నాకు రమ్మని పిలవాలనే ఉంది, నోరు రావడం లేదు. నీ గురించి ఇంట్లో నేను అన్న మాటలు వెనక్కి తీసుకోవడం ఎలాగో కూడా తెలియడం లేదు.

మామయ్యని తీసుకుని రా అత్తయ్యా. ఈ ఇంట్లో ఎవరో ఒకరు ముందు మాట్లాడాలి.